భూతద్దం కొంటున్నారా? పంచాంగానికి ఒకటి, కొబ్బరి నల్లికి ఒకటి

స్టేషనరీ షాపుకెళ్ళి భూతద్దం అడిగితే ముందు ఎదురయ్యే ప్రశ్న "ఎంత పవర్ కావాలండీ?" అని. మనం చెప్పే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "బాగా ఎక్కువున్నది ఇవ్వండి." బేరం అక్కడే చెడుతుంది. పేపరు చదువుకోవడానికి పది రెట్ల అద్దం తెచ్చుకుని, అందులోంచి ఒక్కో మాటా విడివిడిగా కనపడుతుంటే విసుగొచ్చి బీరువాలో పడేసిన తాతయ్యలు మన ఊళ్ళలో చాలామందే ఉంటారు. కొబ్బరికి కంటికి ఆనని నల్లిపురుగు పట్టిందేమో చూద్దామని నాలుగంగుళాల పిడి అద్దం పట్టుకుని తోటలోకెళ్ళి, ఏమీ కనపడక, "మన తోటకి లేదులే" అనుకుని వెనక్కొచ్చేవాళ్ళూ ఉంటారు. ఇద్దరూ డబ్బులు పెట్టే కొన్నారు. కాకపోతే ఒకరికి కావలసింది ఇంకొకరు కొన్నారు.

చదవడానికి పనికొచ్చే అద్దం వేరు, చిన్న వస్తువుని కంటికి ఆనించి చూసే అద్దం వేరు. రెండూ ఒక్కదాంట్లో ఇమడవు. ఏ కంపెనీ చేసినా ఇమడవు, ఎందుకంటే అడ్డుపడేది గాజు వంపే. అందుకే రకాల్లోకి వెళ్ళేముందు ఏం చూసుకోవాలో చెప్తాను.

దానికన్నా ముందు ఇంకో మాట. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకేస్తే మొదట వెళ్ళాల్సింది కళ్ళ డాక్టరు దగ్గరికి. చాలామందికి సరైన నంబరు కళ్ళజోడుతోనే పని తీరిపోతుంది, భూతద్దం అక్కర్లేదు. గీసిన గీత వంకరగా కనపడటం, చూపు మధ్యలో మచ్చలా ఉండటం, ఒక కంట్లో చూపు హఠాత్తుగా తగ్గడం ఉంటే అద్దాల షాపులో కాలయాపన చెయ్యకండి.

## పెట్టె మీది అంకె

భూతద్దం పవర్‌కి ఒక తేలిక లెక్క ఉంది. అద్దం నుంచి దాని నాభి, అంటే దూరపు వెలుతురుని అద్దం ఒకచోటికి చేర్చే బిందువు, ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో చూసి, 25ని ఆ అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. పన్నెండున్నర సెంటీమీటర్లయితే రెండు రెట్లు. పదయితే రెండున్నర. అయిదయితే అయిదు రెట్లు. రెండున్నర సెంటీమీటర్లయితే పది రెట్లు. కొందరు తయారీదారులు ఈ లెక్కకి ఒకటి కలిపి చెప్తారు. అంటే మన లెక్కకి రెండు రెట్లొచ్చిన అద్దాన్ని వాళ్ళు మూడు రెట్లంటారు. అది మోసం కాదు, లెక్కించే పద్ధతి వేరు. అసలు మోసం వేరే ఉంది.

అరచేయంత వెడల్పున్న ఒంటి అద్దం మీద "10 ఎక్స్" అని అచ్చేసి ఉంటుంది. మామూలు గాజుతో చేసిన ఒంటి కటకం నిజంగా పది రెట్లు చూపాలంటే దాదాపు గోళీలా ఉబ్బాలి. అంత ఉబ్బినా దాని వెడల్పు నాలుగు సెంటీమీటర్లు దాటదు. కాబట్టి మూడంగుళాల అద్దం మీద ఆ అంకె ఉంటే నమ్మక్కర్లేదు. మడత అద్దాల్లో "40 ఎక్స్, 25 మి.మీ." అని వచ్చేవాటిదీ ఇదే కథ. నలభై రెట్లకి నాభి ఆరు మిల్లీమీటర్ల దగ్గరుండాలి. అంత వంపుతో రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు అద్దం చెయ్యలేరు.

దీన్ని షాపులోనే తేల్చుకోవచ్చు.

"ఇది పది రెట్లండీ, పెట్టె మీదే ఉంది చూడండి."

"అలాగే బాబూ, ఓ తెల్ల కాయితం ముక్క ఇలా ఇయ్యి."

కాయితాన్ని గుమ్మం వైపు తిప్పి పట్టుకోండి. గుమ్మానికీ కాయితానికీ మధ్య అద్దం పెట్టి ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట ఎదురు షాపు బోర్డు, రోడ్డు మీద ఆటో, అన్నీ చిన్నగా, తలకిందులుగా, రంగులతో కాయితం మీద పడతాయి. బొమ్మ స్పష్టంగా తేలినప్పుడు అద్దానికీ కాయితానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి, అదే నాభి దూరం. పన్నెండు సెంటీమీటర్లొస్తే అది రెండు రెట్ల అద్దం, పెట్టె మీద ఏమున్నా సరే. షాపువాళ్ళు నవ్వుకున్నా ఏం ఫరవాలేదు. ఆన్‌లైన్లో తెప్పించుకున్నవాళ్ళు ఇంటి కిటికీ దగ్గర ఇదే చేసి, తేడా వస్తే వెనక్కి పంపెయ్యొచ్చు.

## మిగతా లెక్కలు

వెడల్పు, పవర్ ఒకదానికొకటి ఎదురు. పవర్ పెరిగేకొద్దీ ఒక్కసారి కనపడే మేర తగ్గుతుంది. ఎనిమిది కాలమ్‌ల దినపత్రికలో ఒక కాలమ్ వెడల్పు సుమారు నాలుగు సెంటీమీటర్లు. ఆ కాలమ్ మొత్తం అద్దంలో పడితే చదువు సాగుతుంది. పడకపోతే ప్రతి వరుసకీ అద్దాన్ని అటూ ఇటూ లాగాలి. పావుగంటకి చెయ్యి లాగేస్తుంది, చదివిన వాక్యం ఎక్కడ మొదలైందో కూడా గుర్తుండదు.

వస్తువుకీ అద్దానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందన్నది ఇంకోటి. రెండు రెట్ల అద్దం కింద పన్నెండు సెంటీమీటర్ల చోటుంటుంది. కలం పట్టుకుని సంతకం పెట్టొచ్చు, సూదిలో దారం ఎక్కించొచ్చు. పది రెట్ల దానికి రెండున్నర సెంటీమీటర్లే. ఇరవై రెట్ల దానికి సెంటీమీటరు పైచిలుకు. అందులో సూది పట్టదు, వెలుతురు కూడా సరిగ్గా చొరబడదు.

వెలుతురు గురించి జనం తక్కువ ఆలోచిస్తారు. నా లెక్కలో పవర్ కన్నా ఇదే ముఖ్యం. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని రెండు రెట్ల అద్దంతో హాయిగా చదివిన మనిషి, అదే పేపరుని రాత్రి నడిమింట్లో ట్యూబులైటు కింద చదవలేక "అద్దం పవర్ సరిపోవట్లేదు" అంటాడు. సరిపోనిది దీపం. భుజం పక్కనుంచి పేజీ మీద పడేలా ఒక బల్లదీపం పెట్టుకున్నాక కూడా కనపడకపోతేనే పెద్ద పవర్ జోలికి వెళ్ళండి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. చేత్తో పట్టుకునే అద్దాన్ని పేజీకి సరిగ్గా నాభి దూరంలో పట్టుకుంటే కంటికొచ్చే కిరణాలు దూరం నుంచి వచ్చినట్టే వస్తాయి. దానికి దూరపు చూపు జోడు పెట్టుకోవాలి, అవసరం లేనివాళ్ళు జోడు తీసేయొచ్చు. పేజీ మీద ఆనించి వాడే స్టాండు అద్దాలకీ, గుమ్మటాలకీ మాత్రం దగ్గరి చూపు జోడు పెట్టుకునే చూడాలి. రెండు చూపుల జోడు ఉన్నవాళ్ళు మొదటిదానికి పై భాగంలోంచి, రెండోదానికి కింది భాగంలోంచి చూస్తే సరి. మంచి స్టాండు అద్దం కొని జోడు తీసేసి చూసి, "మసకగా ఉంది, పాడైంది" అనేవాళ్ళ సమస్య సగం ఇదే.

మనకి మాత్రమే సంబంధించిన సంగతి ఒకటుంది, తెలుగు అచ్చు. ఒత్తులు అసలక్షరం కన్నా చిన్నవిగా కిందికి దిగి కూర్చుంటాయి. థ పొట్టలో చుక్క ఉందా, ధ కింద గీత ఉందా, తలకట్టు విడిగా ఉన్న ప నా, అతుక్కున్న వ నా అన్నది తేలితేగానీ మాట తేలదు. అదే సైజు ఇంగ్లీషు అచ్చుకి రెండు రెట్లు చాలితే తెలుగుకి రెండున్నర పెట్టుకోవడం మంచిది. షాపుకి వెళ్ళేటప్పుడు ఇంట్లోని పంచాంగం చంకలో పెట్టుకెళ్ళండి. ఘడియలు, విఘడియలు కిక్కిరిసిన పేజీ తీసి, ధనిష్ఠలో ష కింది ఠ ఒత్తు పొట్టలో చుక్క కనపడుతోందా చూడండి. అది కనపడిందంటే మిగతా పంచాంగమంతా మీదే.

## పిడి అద్దం

అందరికీ తెలిసిన గుండ్రటి అద్దం. మూడు నుంచి నాలుగంగుళాల వెడల్పు, నిజమైన పవర్ రెండు నుంచి మూడు రెట్ల లోపు. ఇంటికి ఒకే అద్దం కొంటామంటే ఇదే కొనండి. పేపరు, కరెంటు బిల్లు, శుభలేఖ, పాత దస్తావేజు, మందు అట్ట, అన్నిటికీ అంతో ఇంతో పనికొస్తుంది.

వాడే పద్ధతి చాలామందికి తెలియదు. అద్దాన్ని ముందు పేజీకి ఆనించి, అక్షరాలు పెద్దవై ఇంక చెదరబోతున్నాయనేదాకా మెల్లగా పైకి లేపాలి. అక్కడ ఆపి, తల దించి కంటిని అద్దానికి దగ్గరగా తేవాలి. కన్ను దగ్గరయ్యేకొద్దీ కనపడే మేర పెరుగుతుంది. చేతులు చాచి దూరంగా పట్టుకుని చూస్తే నాలుగంగుళాల అద్దం కూడా ఇరుకుగానే ఉంటుంది.

గాజా, ప్లాస్టిక్కా అన్న సందేహం ఇక్కడే వస్తుంది. గాజు బరువు, కానీ తేలిగ్గా గీతలు పడదు. అక్రిలిక్ తేలిక, కిందపడితే పగలదు, కానీ భుజం మీది కండువాతో నాలుగు నెలలు తుడిస్తే మసకబారుతుంది. మణికట్టులో బలం తగ్గినవాళ్ళకి అక్రిలిక్, మిగతావాళ్ళకి గాజు అంటాను. నాలుగంగుళాల గాజు అద్దాన్ని ఒక నిమిషం చేత్తో పట్టుకుని చూశాకే డబ్బులివ్వండి. పిడిలో దీపాలున్న రకాలు దొరుకుతాయి. మందు అట్ట మీద మెరిసే వెండిరేకుపై ఆ వెలుతురు తిరిగి కంట్లోనే కొడుతుంది. కాయితానికైతే బాగుంటాయి. బల్లదీపం ఉంటే మాత్రం అక్కర్లేదు.

నలుచదరపు అద్దాల్లో వరుస ఎక్కువ పడుతుంది కాబట్టి పుస్తకాలు చదివేవాళ్ళకి గుండ్రటిదానికన్నా అవి మేలు.

## పేజీ మీద కూర్చునేవి

చెయ్యి వణికేవాళ్ళకి పిడి అద్దం ఇవ్వడమంటే బాధ పెట్టడమే. అద్దం కదిలితే అక్షరం అంతకు రెట్టింపు కదులుతుంది. వాళ్ళకి గుమ్మటం అద్దం ఉంది. అర్ధగోళంలా ఉండి, చదునైన అడుగుతో పేజీ మీదే కూర్చుంటుంది. దూరం సరిచూసుకునే పని లేదు, వరుస వెంట తోసుకుంటూ పోవడమే. పైగా చుట్టూ ఉన్న వెలుతురుని లోపలికి లాక్కుని అక్షరాల మీద పోస్తుంది. కింద పేజీ చుట్టుపక్కల కన్నా తెల్లగా కనపడటం మీరే గమనిస్తారు, బ్యాటరీ అక్కర్లేదు. దీని లోపం పవర్. ఒకటిన్నర నుంచి రెండు రెట్లలోపే. శుక్లాల ఆపరేషన్ అయ్యి జోడు సరిగ్గా కుదిరినవాళ్ళకి అది చాలు. చూపు బాగా తగ్గినవాళ్ళకి చాలదు.

కడ్డీ అద్దం దీని చుట్టమే. స్కేలులా వరుస మీద పరుచుకుంటుంది. కానీ అక్షరాన్ని నిలువుగా సాగదీస్తుందే తప్ప అడ్డంగా పెంచదు. తెలుగు గుండ్రటి అక్షరాలు అందులో పొడుగు కోడిగుడ్లలా తయారవుతాయి. జమాఖర్చుల పుస్తకంలో వరుస తప్పకుండా అంకెలు చూసుకోవడానికి ఫరవాలేదుగానీ కథ చదవడానికి నేను ఎవరికీ చెప్పను.

స్టాండు అద్దం అసలు బలమైనది. కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, దూరం తయారుచేసినప్పుడే కుదిరి ఉంటుంది, లోపల ఎల్‌ఈడీ దీపం ఉంటుంది. మూడు, నాలుగు, అయిదు రెట్లలో దొరుకుతుంది. చూపు బాగా తగ్గి, చెయ్యి కూడా నిలవని పెద్దలకి ఇదొక్కటే మార్గం. ధర ఎక్కువ. ఎన్ని రెట్లు కావాలన్నది డాక్టరుని అడిగి కొనండి, అంచనాతో కొంటే డబ్బు దండగ.

## పల్చటి షీటు

పుస్తకంలో పెట్టుకునేంత పల్చగా, ప్లాస్టిక్ మీద గుండ్రటి గాళ్ళతో ఉంటుంది. దీపస్తంభాల కోసం ఫ్రాన్సు దేశస్థుడు ఆగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించి, 1823లో కోర్డువాన్ దీపస్తంభంలో తొలిసారి పెట్టిన పద్ధతే ఇది. పేజీ మొత్తం ఒక్కసారి పెద్దదవుతుందని ఆశపడి కొంటారు. పెరిగేది ఒకటిన్నర, రెండు రెట్లే, అందులోనూ అక్షరాల అంచులు చెదిరినట్టుంటాయి. జేబులో పెట్టుకునే కార్డు సైజుది బస్సు టికెట్టుకీ, హోటల్లో బిల్లుకీ సరే. దానితో పుస్తకం చదవాలనుకోవద్దు.

## చేతులు ఖాళీగా ఉండాలంటే

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళ పని చూడండి. ఒక చేతిలో క్రోషే సూది, రెండో చేతి వేలికి చుట్టిన దారం. అద్దం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఇలాంటివాళ్ళకి మూడు దారులు.

బల్లకి బిగించే దీపపు అద్దం: అయిదంగుళాల అద్దం చుట్టూ ఎల్‌ఈడీలు, మడిచి చాచే చెయ్యి. వీటి మీద పవర్ డయాప్టర్లలో రాస్తారు. మూడు డయాప్టర్లంటే ఒకటీ ముప్పావు రెట్లు, అయిదంటే రెండుంబావు. ఇది ఒకటి కలిపి చెప్పే పద్ధతి. అల్లికకి మూడు డయాప్టర్లే తీసుకోండి, సూది తిప్పడానికి కింద చోటుంటుంది. కానీ దీనికి బల్ల కావాలి, ప్లగ్గు కావాలి, ఒకేచోట కూర్చోవాలి. అరుగు మీద నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ అల్లే అలవాటుంటే ఇది ఇమడదు.

తలపట్టీ అద్దం: నుదుటికి పట్టీతో బిగుసుకుంటుంది, వద్దనుకున్నప్పుడు పైకి ఎత్తేయొచ్చు. కళ్ళజోడు మీదే పెట్టుకోవచ్చు. ఒకటిన్నర నుంచి మూడున్నర రెట్ల దాకా మార్చుకునే పలకలు వస్తాయి. అందరూ మూడున్నరది తొడుగుతారు, మెడ నొప్పొచ్చి మానేస్తారు. పవర్ పెరిగేకొద్దీ పనిని ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి, మెడ వంగేది అందుకే. అల్లికకి, కుట్టుపనికి అన్నిటికన్నా తక్కువ పలకతో మొదలుపెట్టండి. వాచీలు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళకి పెద్ద పలకలు. మన మే నెల ఉక్కపోతలో పట్టీ కింద చెమట కారడం మాత్రం తప్పదు. గుడ్డ పట్టీ ఉన్నది తీసుకుంటే ఉతుక్కోవచ్చు.

మెడలో వేసుకునేది: తాడుకి వేలాడుతూ గుండె మీద ఆనుతుంది. చవక, తేలిక, కరెంటు అక్కర్లేదు. ఒళ్ళో పెట్టుకుని చేసే పనికి సరిగ్గా సరిపోతుంది. పవర్ తక్కువే, రెండు రెట్ల చుట్టుపక్కల. అరుగు మీద అల్లేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. తెల్ల దారం పనికి ఒళ్ళో నల్లగుడ్డ పరుచుకుంటే కుట్ల మధ్య కంతలు విడివిడిగా లెక్కకి దొరుకుతాయి, పవర్ పెంచినదానికన్నా ఎక్కువ సుఖం.

## మడత లూప్

ఇక్కడి నుంచి చదువు సంగతి అయిపోయింది. లూప్ అంటే బొటనవేలంత అద్దం, లోహపు గూట్లోకి మడుచుకుంటుంది. పది రెట్లు. మంచివాటిలో మూడు కటకాలు అతికించి ఉంటాయి. అలాంటిది తెల్ల కాయితం మీద నల్లగీతని అంచులదాకా నిటారుగా, రంగు చారలు లేకుండా చూపిస్తుంది. చవకదాంట్లో గీత అంచుల దగ్గర వంగి, నీలం, పసుపు చారలు పడతాయి. కొనేముందు ఆ ఒక్క పరీక్ష చాలు.

లూప్‌ని వస్తువు మీద పెట్టి పైనుంచి తొంగి చూడకూడదు. కంటికి ఆనించుకుని, చెయ్యి చెంపకి ఆనించి, రెండో చేత్తో వస్తువుని దగ్గరికి తెచ్చుకోవాలి. రెండు కళ్ళూ తెరిచే ఉంచండి, మూస్తే త్వరగా అలసట వస్తుంది. కనపడే మేర రూపాయి బిళ్ళ కన్నా తక్కువ.

బంగారం కొనేవాళ్ళ దగ్గర ఇది ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులో అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆ నగకే ప్రత్యేకమైన ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ కోడ్ తప్పనిసరి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, దాని పక్కన ఈ కోడ్, మూడూ చెవిదుద్దు మేకు మీదో, ఉంగరం లోపలో లేజరుతో చెక్కి ఉంటాయి. మామూలు కంటికి అదొక గీర. లూప్‌లో పెట్టి, నగని వెలుతురుకి ఏటవాలుగా తిప్పితే ఒక కోణంలో అక్షరాలు తెల్లగా వెలుగుతాయి. 8 కీ ఇంగ్లీషు బీకీ, సున్నాకీ ఓకీ పొరపడకుండా చూసి, ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే వివరాలొస్తాయి. షాపువాళ్ళే లూప్ ఇస్తారు, ఇవ్వాలి కూడా. అయినా మన అద్దం మన చేతిలో ఉంటే నిదానంగా చూసుకుంటాం.

కొబ్బరి రైతుకి పది రెట్లు మొదటి మెట్టు మాత్రమే. ఎరియోఫిడ్ నల్లి పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. రెండు మూడు నెలల పిందె ఒకటి కోయించి, ముచ్చిక రేకుల్ని ఒక్కొక్కటిగా ఒలవండి. రేకు కింద లేత కాయ మీద తెల్లటి త్రికోణపు మచ్చ ఉంటే అక్కడ లూప్ పెట్టండి. మొదట ఏదో పొడి చల్లినట్టుంటుంది. ఊపిరి బిగపట్టి చూస్తూ ఉంటే ఆ పొడిలో కొన్ని రేణువులు సన్నటి పురుగుల్లా నెమ్మదిగా జరుగుతాయి. ఇరవై రెట్ల దాంట్లో ఇంకా తేటగా కనపడతాయి, కానీ చెయ్యి ఏమాత్రం అదిరినా పోతాయి. ముచ్చిక బయట ఎంత వెతికినా ఏమీ దొరకదు, నల్లి ఉండేది లోపలే. గోధుమ రంగు మచ్చ, పగుళ్ళు బయటికి కనపడేసరికి లోపల పని ఎప్పుడో మొదలై ఉంటుంది. అనుమానం తీరకపోతే పిందెల్ని సంచిలో వేసుకుని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళండి.

వరిలో కంకినల్లిదీ ఇదే ధోరణి, అది ఆకు తొడుగు లోపల దాక్కుంటుంది, ఇరవై రెట్లు కావాలి. సుడిదోమకి ఏ అద్దమూ అక్కర్లేదు, దుబ్బు మొదలు తడితే నీళ్ళమీద పడి కనపడుతుంది. కడియం నర్సరీల్లో గులాబీ ఆకు వెనక ఎర్రనల్లి, తామర పురుగులకి పది రెట్ల లూప్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మొక్కలు కొనేవాళ్ళు జేబులో ఒకటి వేసుకెళ్ళి ఆకు తిప్పి చూస్తే ఇంటికి పురుగుని మోసుకురారు. రొయ్యల సాగుదార్లకి మాత్రం లూప్‌తో పని తక్కువ. పెంకు మీద మచ్చలు ఉన్నాయో లేవో కంటికే తెలుస్తుంది, జబ్బేమిటో తేల్చేది ల్యాబు.

బండారులంక లాంటి చేనేత ఊళ్ళలో ఇంకో మడత అద్దం ఉపయోగపడుతుంది. అడుగున అంగుళం చదరపు గడి, దాని అంచున కొలత గీతలు. బట్ట మీద పెట్టి అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని లెక్కపెట్టుకోవచ్చు. చీరలు టోకుగా కొనేవాళ్ళు లూప్ బదులు ఇది కొనాలి.

## ఒక్కచోట చూస్తే

| రకం | నిజమైన పవర్ | చేతులు | బాగా కుదిరేది | కుదరనిది |
|---|---|---|---|---|
| పిడి అద్దం | 2–3 రెట్లు | ఒకటి పోతుంది | పేపరు, బిల్లు, దస్తావేజు | చెయ్యి వణికేవాళ్ళకి |
| గుమ్మటం | 1.5–2 రెట్లు | ఆనించి తోయడమే | పుస్తకం, పంచాంగం | వంపున్న సీసా, మందు అట్ట |
| దీపమున్న స్టాండు | 3–5 రెట్లు | ఆనించి తోయడమే | చూపు బాగా తగ్గినవాళ్ళకి | మడతపడే పేపరు |
| పల్చటి షీటు | 1.5–2 రెట్లు | ఒకటి పోతుంది | జేబులో ఉండటానికి | నికరంగా చదవడానికి |
| బల్లదీపం అద్దం | 1.75–2.25 రెట్లు (ఒకటి కలిపిన లెక్క) | రెండూ ఖాళీ | ఒకేచోట చేసే పని | అరుగు మీద పని |
| తలపట్టీ | 1.5–3.5 రెట్లు | రెండూ ఖాళీ | రిపేరు, కుట్టుపని | గంటలకొద్దీ చదువు |
| మెడలోది | 2 రెట్ల దరిదాపు | రెండూ ఖాళీ | లేసు అల్లిక | బాగా సన్నటి పని |
| మడత లూప్ | 10 లేదా 20 రెట్లు | రెండూ పోతాయి | హాల్‌మార్క్, నల్లి, పురుగు | చదువు |

## ఫోనుంటే అద్దమెందుకు అంటారా

ఆ మాటలో కొంత నిజముంది. మందు అట్ట మీద గడువు తేదీకి ఫోనుని మించింది లేదు. ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసుకుంటే కదలని బొమ్మ, ఎంత కావాలంటే అంత. ఐఫోన్‌లో భూతద్దం యాప్ ముందే ఉంటుంది, నల్లటి పేజీ మీద తెల్లక్షరాలుగా కూడా తిప్పి చూపిస్తుంది. చూపు తగ్గినవాళ్ళకి ఆ రంగు మార్పు చాలా సాయం. ఒక కిటుకు: ఫోనుని వస్తువుకి మరీ ఆనించకండి. జానెడు దూరంలో పెట్టి రెండు రెట్లు జూమ్ చేస్తే, బాగా దగ్గరికి పెట్టినదానికన్నా తేటగా వస్తుంది.

కానీ పేపరంతా ఫోన్లో చదవమంటే కుదరదు. ఒక చేత్తో పేపరు, ఒక చేత్తో ఫోను, వరుస వరుసకీ జరుపుకుంటూ పోవడం కుర్రాళ్ళకే చిరాకు. పెద్దవాళ్ళకి వేలు తగిలి తెర ఇంకెక్కడికో పోతుంది, "ఒరేయ్, ఇది ఏదో అయిపోయిందిరా" అని కేక వినపడుతుంది. మామ్మకి ఫోను నేర్పించి అద్దం ఖర్చు మిగుల్చుకుందామనుకునే మనవలు రెండూ ఉంచితే ఇంట్లో గొడవ ఉండదు.

## డబ్బులెక్కడ పెట్టాలి

నిలకడైన చెయ్యి, కుదిరిన జోడు ఉన్న పెద్దలకి మూడున్నర అంగుళాల గాజు పిడి అద్దం, రెండున్నర రెట్లది. మిగిలిన డబ్బుతో బల్లదీపం. ఆ రెండూ కలిపినా ఒక్క ఖరీదైన "పవర్‌ఫుల్" అద్దం కన్నా తక్కువలోనే వస్తాయి, ఉపయోగం ఎక్కువ.

చెయ్యి వణుకుతుంటే గుమ్మటం. గుమ్మటంతో పంచాంగం కనపడకపోతే దీపమున్న స్టాండు, అదీ డాక్టరు చెప్పిన రెట్లలో. ఈ మెట్టు దాటి నేరుగా స్టాండుకి వెళ్ళడం తొందరపాటు.

కొబ్బరి తోట, నర్సరీ, ఇంట్లో పెళ్ళి బంగారం, ఈ మూడింట్లో ఏదున్నా పది రెట్ల మడత లూప్ ఒకటి. ఇరవై రెట్లది రెండోదిగా కొనొచ్చుగానీ మొదటిదిగా వద్దు. పది రెట్లకి చెయ్యి అలవాటుపడకుండా ఇరవైలో ఏదీ దొరకపుచ్చుకోలేరు. ఒకే గూట్లో 30, 60 రెట్ల అద్దాలూ, లైటూ కలిపి అమ్మేవి మాత్రం పిల్లల ఆటకి సరే.

అరవై నిండిన మావయ్యగారికి షష్టిపూర్తి కానుకగా ఇవ్వాలనుకుంటే, ఇత్తడి పిడి, నల్లచేవ పెట్టె ఉన్న అలంకారపు అద్దాలు చూడ్డానికి బాగుంటాయి. అందులో సగం వాటిలో అద్దం చిన్నది, పిడి బరువు. కాయితం పరీక్ష చేసి, ఆయన చేతికిచ్చి ఒక పేరా చదివించి మరీ కొనండి.

## కొన్నాక

మన గాలిలో తేమ, సముద్రానికి దగ్గరి ఊళ్ళయితే ఉప్పు. మడత లూప్ మరమేకు ఇనుపదైతే తుప్పు పట్టి బిగుసుకుంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలుదో ఇత్తడిదో అడిగి తీసుకోండి. చీకటి సొరుగులో తేమతో మూసిపెడితే గాజు మీద బూజు కూడా పడుతుంది. అప్పుడప్పుడు గాలి తగలనివ్వండి. అద్దం మురికైతే ముందు దుమ్ము ఊదేసి, నీళ్ళలో చుక్క సబ్బు వేసి కడిగి, మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. ఇసుక రేణువుతో పొడిగా రుద్దితే అక్రిలిక్ పని అయిపోయినట్టే. ప్లాస్టిక్ అద్దానికి స్పిరిట్టు తగలనివ్వకండి. దీపమున్న అద్దాన్ని నెలల తరబడి వాడకపోతే సెల్స్ తీసి పెట్టండి, కారితే లోపలి రేకులు పచ్చబడి దీపం ఇంక వెలగదు. గుండీ సెల్స్‌తో నడిచేదానికన్నా సన్న పెన్సిల్ సెల్స్ పట్టేది కొనుక్కుంటే ఊళ్ళో కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి.

కిటికీ దగ్గర ఎండ పడేచోట పేపర్ల మీద అద్దాన్ని వదిలేసి వెళ్ళకండి. గుమ్మటాలు కూడా ఎండని ఒకచోటికి చేరుస్తాయి, తాటాకు చూరు, కాయితాల కట్టలు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. పిల్లలు అద్దంలోంచి సూర్యుడి వైపు చూడకుండా ముందే చెప్పి, వాడనప్పుడు గుడ్డసంచిలో వేసి అందని అరలో పెట్టండి.